సిపాయి నుంచి అకాడమీకి: పన్నెండో తరగతి, ఇంగ్లీషు, ఇరవై ఏడేళ్ల గడువు

"పదో తరగతి అయిపోయింది కదా మాస్టారూ, ఇక మావాణ్ణి మిలిటరీకి పంపేద్దామనుకుంటున్నాం." హోసూరులోనైనా బళ్లారిలోనైనా బరంపురంలోనైనా మన బడుల ఉపాధ్యాయులకు ఈ మాట కొత్త కాదు. దాని వెనక ఇంటి లెక్క ఒకటి ఉంటుంది. పది దాకా తెలుగులో చదివిన పిల్లవాడు పదకొండులో చేరాలంటే ఇంగ్లీషులోనో, ఆ రాష్ట్ర భాషలోనో పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్లాలి. మాధ్యమం మారే ఆ మలుపులోనే పుస్తకం మూసేసే పిల్లలను మనమందరం చూస్తూనే ఉన్నాం. సైన్యంలో చేరితే జీతం వస్తుంది, తిండికీ బట్టకూ లోటుండదు, ఊళ్లో మర్యాద ఉంటుంది. ఆ నిర్ణయం తీసుకున్న ఇంటిని తప్పు పట్టే ఉద్దేశం మాకు లేదు.

మేం చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. సిపాయిగా చేరినవాడు హవల్దారుగానో సుబేదారుగానో మాత్రమే పదవీ విరమణ చేయాలని ఎక్కడా లేదు. ఉద్యోగంలో ఉంటూనే డెహ్రాడూన్ సైనిక అకాడమీకి దరఖాస్తు చేసుకోవచ్చు, అక్కడే డిగ్రీ చదివి లెఫ్టినెంటుగా బయటికి రావచ్చు. ఆ దారి పేరు ఆర్మీ క్యాడెట్ కాలేజీ, పొట్టిగా ఏసీసీ. చాలా ఇళ్లలో ఈ పేరే వినలేదు. విన్నవాళ్లలో కొందరు అది పెద్దవాళ్ల పిల్లలకే అనుకుంటున్నారు. అది పూర్తిగా సిపాయిల కోసమే పెట్టిన కాలేజీ.

దీని మూలం 1929లో ఉంది. ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని నౌగాంవ్‌లో అప్పట్లో కిచెనర్ కాలేజీ అని ఒకటి మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత దాన్ని కొత్తగా తీర్చిదిద్ది 1960 మే 16న ఆర్మీ క్యాడెట్ కాలేజీగా మార్చారు. అప్పటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్, సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య, అదే మన కర్ణాటక పాఠకులకు బాగా తెలిసిన కొడగు తిమ్మయ్య, దాని ప్రారంభంలో ఉన్నారు. 1961 ఫిబ్రవరిలో 32 మందితో మొదటి జట్టు బయటికి వచ్చింది. తర్వాత కాలేజీ పుణేకు, 1977లో డెహ్రాడూన్‌కు మారింది. 2006 నుంచి ఇండియన్ మిలిటరీ అకాడమీలోనే ఒక విభాగంగా నడుస్తోంది.

ఇక అర్హత. వయసు 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉండాలి. కనీసం రెండేళ్ల సర్వీసు ఉండాలి. పన్నెండో తరగతి పాసై ఉండాలి. శరీరం ఆఫీసరు స్థాయి వైద్య పరీక్షకు నిలవాలి. క్రమశిక్షణ రికార్డు శుభ్రంగా ఉండాలి. దరఖాస్తు ఇంటి నుంచి పంపేది కాదు, యూనిట్ ద్వారా, కమాండింగ్ ఆఫీసర్ సిఫారసుతో వెళుతుంది. ఏడాదికి రెండు కోర్సులు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. ముందు రాత పరీక్ష, అది గట్టెక్కితే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు దగ్గర ఐదు రోజుల పరీక్ష, ఆపైన వైద్య పరీక్ష, చివరికి ప్రతిభ జాబితా. జాబితాలో పేరుంటే ఏసీసీలో మూడేళ్ల చదువు. పట్టా ఇచ్చేది ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. సైన్సు గానీ హ్యుమానిటీస్ గానీ తీసుకోవచ్చు. ఆ మూడేళ్లు ముగిశాక ఐఎంఏలో ఒక ఏడాది సైనిక శిక్షణ, ఆ తర్వాత పాసింగ్ అవుట్ పరేడ్. అక్కడ ఎన్‌డీఏ నుంచి వచ్చినవాడూ, డిగ్రీ తర్వాత సీడీఎస్ రాసి వచ్చినవాడూ, సిపాయిగా మొదలైనవాడూ ఒకే వరుసలో నడుస్తారు. ముగ్గురి భుజాల మీదా పడేవి అవే నక్షత్రాలు.

ఎంపిక కాకపోతే? ఉద్యోగం ఎక్కడికీ పోదు. మళ్లీ తన యూనిట్‌లో తన పని తను చేసుకుంటాడు. తల్లిదండ్రులకు ముందుగా చెప్పాల్సిన మాట ఇది. "ఉన్నది పోగొట్టుకుంటాడేమో" అన్న భయంతో కొడుకును వెనక్కి లాగే ఇళ్లున్నాయి.

ఇప్పుడు చేరే పిల్లలు అగ్నివీరులుగా చేరుతున్నారు కాబట్టి లెక్క కొంచెం మారింది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ ప్రకారం పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ల మధ్య చేరతారు, నాలుగేళ్లు పనిచేస్తారు, వారిలో 25 శాతం వరకు రెగ్యులర్ సైన్యంలోకి తీసుకుంటారు. రెగ్యులర్ అయ్యాకే ఏసీసీ సంగతి అనుకుని కాగితం మీద లెక్క వేసి చూడండి. పద్దెనిమిదేళ్లకు చేరినవాడికి నాలుగేళ్లు ముగిసేసరికి ఇరవై రెండు. ఇరవై ఏడు దాకా అయిదేళ్లు చేతిలో ఉంటాయి. ఇరవై ఒకటికి చేరినవాడికి ఇరవై అయిదు. మిగిలేవి రెండేళ్లే. ఆ రెండేళ్లలో పోస్టింగు ఏ మంచుకొండ మీద పడుతుందో ఎవరు చెప్పగలరు? ఇంట్లో సైన్యం ఆలోచన ఉంటే "ఇంకో రెండేళ్లు ఊళ్లో తిరిగి చూద్దాం" అనే వాయిదా ఇక్కడ ఖరీదైనది. ఏ ఏటి ప్రకటనలో అర్హతలు ఎలా ఉన్నాయో యూనిట్‌లోని ఎడ్యుకేషన్ హవల్దార్ దగ్గర ఉంటుంది. శిక్షణ ముగించుకుని యూనిట్‌కు చేరిన మొదటి నెలలోనే ఆయన్ను కలవమని కొడుకుకు చెప్పి పంపండి.

భాష దగ్గరికి వస్తే మన బడులకు నేరుగా సంబంధం ఉన్న చిక్కు ఒకటి కనిపిస్తుంది. సిపాయిగా చేరే పరీక్షను ఇప్పుడు తెలుగులో రాయవచ్చు. 2025 నియామకాల్లో అగ్నివీర్ ఉమ్మడి ప్రవేశ పరీక్షను 13 భాషల్లో పెట్టారు, వాటిలో తెలుగు ఉంది, కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా కూడా ఉన్నాయి. ఇది మనకు నిజంగా మేలు చేసిన మార్పు. సోలాపూర్‌లో తెలుగు బడిలో చదివిన పిల్లవాడు గణితం ప్రశ్నను తన భాషలో చదివి తన తెలివితో జవాబు రాయగలుగుతున్నాడు. కానీ అదే పిల్లవాడు నాలుగైదేళ్ల తర్వాత ఏసీసీ పరీక్ష హాలులో కూర్చుంటే అక్కడ తెలుగు లేదు. తర్కం, లెక్కలు ఉంటాయి. సైన్యం గురించీ దేశం గురించీ సామాన్య జ్ఞానం ఉంటుంది. చరిత్ర, భూగోళం, సైన్సు వంటి పాఠ్యవిషయాలు ఉంటాయి. వాటితోపాటు ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకుని, సొంతంగా రాయగలడా అని చూసే పేపరు విడిగా ఉంటుంది. మొదటి తలుపు తెలుగులో తెరుచుకుంటుంది, రెండో తలుపుకు ఇంగ్లీషు కావాలి.

మధ్యలో ఏం జరుగుతుందో కూడా చూడాలి. శిక్షణ కేంద్రంలో అడుగు పెట్టగానే పిల్లవాడి చుట్టూ ఉండేది హిందీ. ఆజ్ఞ హిందీలో, తిట్టు హిందీలో, భోజనాల దగ్గర పలకరింపు హిందీలో. ఏడాది తిరిగేసరికి హిందీ ధారాళంగా వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, బడి బయట కన్నడమో తమిళమో మాట్లాడుతూ పెరిగిన మన పిల్లలకు ఇంకో భాష నేర్వడం పెద్ద పని కాదు, ఈ విషయంలో ఒకే భాష మధ్య పెరిగిన పిల్లలకంటే వీళ్లే ముందుంటారు. కానీ బడిలో నేర్చిన కాస్త ఇంగ్లీషుకు ఆ రెండేళ్లలో తుప్పు పడుతుంది. దాన్ని ఎవరూ అడగరు, దానితో రోజువారీ పనీ ఉండదు. ఏసీసీ దరఖాస్తు వేళకు గుర్తొస్తుంది.

అందుకే ఈ దారికి పునాది పడేది మన తరగతి గదిలో, ఎనిమిది నుంచి పది మధ్య అని మా నమ్మకం. ఇంగ్లీషు మాధ్యమానికి మారిపోండి అని మేం అనడం లేదు, తెలుగు బడి తెలుగు బడిగానే ఉండాలి. తెలుగులో అర్థమైన పిల్లవాడికి విషయం గట్టిగా తెలుసు, తెలియనిది పేరు మాత్రమే. కిరణజన్య సంయోగక్రియ గురించి పేజీన్నర రాయగలిగినవాడు ఫోటోసింథసిస్ అన్న మాట కనపడగానే ఆగిపోతాడు. అక్షాంశం తెలుసు, లాటిట్యూడ్ తెలియదు. త్వరణం లెక్క చేస్తాడు, యాక్సిలరేషన్ అంటే తెల్లమొహం వేస్తాడు. సైన్సు, సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులు బోర్డు మీద పాఠంలోని ముఖ్యమైన మాటలను రెండు వరుసల్లో రాసి, ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు, పిల్లల చేత నోటుపుస్తకం చివరి పేజీల్లో రాయిస్తే మూడేళ్లలో ప్రతి పిల్లవాడి దగ్గరా సొంత చేతిరాతతో ఒక నిఘంటువు తయారవుతుంది. దీనికి నిధులు అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. సైన్యానికి వెళ్లనివాళ్లకూ పదకొండో తరగతి మలుపులో ఇదే ఆసరా.

రాయడం ఇంకా కష్టమైన సంగతి. వ్యాకరణం బిట్లకు మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా వరుసగా అయిదు ఇంగ్లీషు వాక్యాలు సొంతంగా రాయమంటే పక్కవాడి వైపు చూస్తారు. రోజుకు అయిదు వాక్యాలు చాలు. నిన్న సంతలో ఏం చూశావు, మీ వీధిలో నీళ్లు ఎప్పుడొస్తాయి, ఇలాంటివి. తప్పులన్నీ ఎర్రసిరాతో కొట్టేయకుండా ఒకటి రెండు సరిచేసి వదిలేసే ఉపాధ్యాయుడి దగ్గర పిల్లలు రాస్తారు. ఇప్పటికే సైన్యంలో ఉన్న పూర్వ విద్యార్థులకైతే వాళ్ల పాత మాస్టారో టీచరమ్మో "వారానికోసారి నాకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి పంపరా" అంటే చాలు. తల్లిదండ్రుల మాటకంటే ఆ మాటకు బరువెక్కువ. సెలవుకు వచ్చిన కుర్రవాడు తిరిగి వెళ్లేటప్పుడు ట్రంకు పెట్టెలో పచ్చళ్ల సీసాలతోపాటు తొమ్మిది, పది తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర, భూగోళం, సైన్సు పుస్తకాలు ఇంగ్లీషువి పెట్టి పంపండి. పాఠం తనకు తెలిసిందే కాబట్టి భాష తొందరగా పట్టుబడుతుంది.

పన్నెండో తరగతి సంగతి. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం ఉంటే చాలు. అందువల్ల పదితో చదువు ముగిసినట్టే అని ఇంట్లో అనుకుంటారు. ఏసీసీ అర్హతలో ఆ పదో తరగతి సరిపోదు. నాలుగేళ్లు కష్టపడి రెగ్యులర్ అయి, కమాండింగ్ ఆఫీసర్ మెచ్చి, చివరికి ఒక సర్టిఫికెట్ లేక ఆగిపోవడం కంటే బాధ ఇంకేముంటుంది? మా సలహా ఒక్కటే: వీలైతే పన్నెండు పూర్తి చేయించే పంపండి. అలా చేస్తే టెక్నికల్, క్లర్క్ విభాగాలకు కూడా దరఖాస్తు చేయవచ్చు. టెక్నికల్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, ఇంగ్లీషుతో పన్నెండులో 50 శాతం, క్లర్కుకు ఏ గ్రూపైనా 60 శాతం కావాలి. పదితోనే వెళ్లక తప్పని ఇల్లయితే, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, ద్వారా ఉద్యోగంలో ఉంటూ పన్నెండు రాసే వీలుంది. యూనిట్ అనుమతి తీసుకుని చేరాలి. ఫీజు కట్టడం, పుస్తకాలు తెప్పించడం వంటి పనులు ఊళ్లో ఉన్న అన్నో చెల్లెలో చూసుకోగలరు. పరీక్ష మాత్రం వాడే రాయాలి, దానికి సెలవు ముందుగా కుదుర్చుకోవాలి.

పన్నెండు చదువుతున్న పిల్లలకు ఎన్‌డీఏ అనే మరో దారీ ఉంది, పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య నేరుగా రాసేది. యూపీఎస్సీ పెట్టే ఆ పరీక్ష కూడా తెలుగులో ఉండదు, ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. ఆడపిల్లలకు ఆ తలుపు 2021 సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత తెరుచుకుంది. మొదటి జట్టు అమ్మాయిలు 17 మంది 2025 మేలో ఖడక్‌వాస్లా నుంచి పట్టాలు తీసుకున్నారు. ఆడపిల్లల తల్లిదండ్రులు ముందుగా చూడాల్సింది ఈ దారే.

ఐదు రోజుల సెలక్షన్ బోర్డు గురించి భయాలు ఎక్కువ. బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్ వంటి చోట్ల జరుగుతుంది. బొమ్మ చూపించి కథ రాయమంటారు. 60 మాటలను ఒక్కోదాన్ని 15 సెకన్ల పాటు చూపించి తోచిన వాక్యం రాయమంటారు. జట్టుగా చర్చించమంటారు. తాడు, చెక్కపలక, పీపా ఇచ్చి నేలను తాకకుండా అవతలికి చేరమంటారు. విడిగా ఇంటర్వ్యూ చేస్తారు. ఊళ్లో చెరువు గట్టు తెగినప్పుడు పదిమందిని పోగేసి ఇసుక బస్తాలు మోయించే కుర్రవాడికి ఆ తాడూ పలకా కొత్త కాదు. సిపాయిగా రెండేళ్లు పనిచేసినవాడికి అసలే కొత్త కాదు. అతను తడబడేది చర్చ దగ్గర. నోరు తెరిచేసరికి ఎదుటివాడు ఇంగ్లీషులో మూడు వాక్యాలు ముగించి ఉంటాడు. మన బడుల్లో శనివారం మధ్యాహ్నం అరగంట, ముందు తెలుగులో, అలవాటయ్యాక ఇంగ్లీషులో, ఏదో ఒక విషయం మీద ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించమని మేం అడిగేది అందుకే. ముందు తెలుగులో ఎందుకంటే, పదిమందిలో నోరు విప్పే ధైర్యం ఏ భాషలో వచ్చినా ధైర్యమే.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాం. ఏడో వేతన సంఘం లెక్కలో రెగ్యులర్ సిపాయి మూల వేతనం 21,700 రూపాయల దగ్గర మొదలవుతుంది, లెఫ్టినెంటుది 56,100 దగ్గర. సైనిక సేవా భత్యం సిపాయికి 5,200, ఆఫీసరుకు 15,500. నాలుగేళ్ల చదువు, శిక్షణల తర్వాత వచ్చే తేడా అది. డిగ్రీకి ఇంటి నుంచి రూపాయి పెట్టనక్కరలేదు. దళారుల మాటకు ఇక్కడ చోటే లేదు. నియామకంలో గానీ ఏసీసీ ఎంపికలో గానీ "మేం చూసుకుంటాం" అని లక్షలు అడిగేవాడు ఎవరైనా సరే మోసగాడే. సరిహద్దు ఊళ్లలో మాజీ సైనికుల పేరు చెప్పుకుని ఇలా తిరిగేవాళ్లున్నారు, జాగ్రత్త.

సిపాయిగా మొదలై ఆఫీసరు కావడం ఈనాటి మాటా కాదు. పరమవీర చక్ర గ్రహీత రామ రాఘోబా రాణే కథ కర్ణాటక పిల్లలకు చెప్పదగ్గది. హావేరిలో 1918లో పుట్టాడు, కారవార్ దగ్గరి చెండియా వాళ్ల ఊరు. 1940లో బొంబాయి ఇంజినీర్స్‌లో సిపాయిగా చేరాడు, 1947 డిసెంబర్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. అప్పటికి ఏసీసీ లేదు, యుద్ధంలో చూపిన ప్రతిభే అతని పరీక్ష. ఆ తర్వాత నాలుగు నెలలకే, 1948 ఏప్రిల్‌లో, రాజౌరీ దారిలో శత్రువు పెట్టిన మందుపాతరలను, అడ్డుగా పడేసిన చెట్లను తూటాల మధ్య తొలగించి ట్యాంకులకు దారి చేశాడు. ఆ పని ఎలా చేయాలో అతనికి సిపాయిగా ఉన్నప్పుడే తెలుసు.

చివరగా కాగితాల మాట, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. దరఖాస్తు నివాసం ఉన్న రాష్ట్రం, జిల్లా ప్రకారం వెళుతుంది. యానాం పిల్లలు విశాఖపట్నం నియామక కార్యాలయం కిందికి వస్తారు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ పిల్లలు గోపాల్‌పూర్ కిందికి వస్తారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు కదా అని ఆంధ్రలో బంధువుల చిరునామాతో దరఖాస్తు పెట్టించడం ప్రమాదం. నివాస ధ్రువపత్రం సరిపోలక తర్వాత ఉద్యోగానికే ముప్పు రావచ్చు.

ఇక పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా పెడతారు. మహారాష్ట్రలో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఆపైన ఇంటిపేరు. ఒకే పిల్లవాడు జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బడి రిజిస్టరులో మరోలా ఉంటాడు. దీనికి ఇంగ్లీషు స్పెల్లింగు తేడాలు అదనం. సైన్యం పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరునూ పుట్టిన తేదీనీ పట్టుకుంటుంది. చేరేటప్పుడు రాసుకున్న పేరే సర్వీసు రికార్డు అంతటా నడుస్తుంది, ఏసీసీ దరఖాస్తులో పన్నెండో తరగతి సర్టిఫికెట్ దానికి అతకకపోతే అఫిడవిట్లు, గెజిట్ ప్రకటనలు అంటూ నెలలు గడిచిపోతాయి. ఇరవై ఏడేళ్ల గడువు మీద నిలబడినవాడికి ఆ నెలలు చాలా విలువైనవి. పదో తరగతి బోర్డుకు పేర్ల జాబితా పంపే ముందు ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రులను పిలిచి, ఆధార్, జనన ధ్రువపత్రం, బడి రిజిస్టరు మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం చదివించి సంతకం తీసుకోవాలి. జాబితా పంపడానికి ఒక నెల ముందే ఈ పని పెట్టుకుంటే, ఆధార్‌లో తేడా బయటపడ్డ ఇంటికి కేంద్రానికి వెళ్లి దిద్దించుకునే వ్యవధి ఉంటుంది.